కంప్యూటర్‌లో చేరిన దుమ్మును జాగ్రత్తగా తీయడం ఎలా

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర మా బంధువుల అడ్తి దుకాణంలో ఒక కంప్యూటర్ ఉంది. పత్తి సీజన్ ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, ఎదురుగా రైతులు తక్‌పట్టీల (సరుకు అమ్మకం లెక్క చీటీల) కోసం నిలబడి ఉండగా, అది ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు ఆగి మళ్లీ వేస్తే నడిచేది, అరగంట కాగానే మళ్లీ ఆగిపోయేది. ఒక రిపేరు దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, మార్చాలి అన్నారు. మార్చే ముందు ఒకసారి చూద్దామని నేను క్యాబినెట్ పక్క రేకు విప్పాను. ప్రాసెసర్ మీది ఫ్యానుకున్న నాలుగు స్క్రూలు తీసి దాన్ని పైకెత్తితే కింద హీట్ సింక్, అంటే వేడిని లాగే లోహపు రేకుల దిమ్మె, కనిపించలేదు. బూడిద రంగు దూది పొర ఒకటి, పాత పరుపులో నుంచి చించి తీసిన ముక్కలాగా, రేకుల సందులన్నీ మూసేసి ఉంది. చిన్న చిమ్టాతో ఒక మూల పట్టుకుని లాగితే అది చెదరకుండా ఒకే ముక్కగా లేచి వచ్చింది. దాని అడుగున హీట్ సింక్ రేకుల అచ్చు దువ్వెన పళ్లలాగా గీతలు గీతలుగా పడి ఉంది. ఆ పొర తీశాక ఏ భాగమూ మార్చకుండానే ఆ యంత్రం సీజనంతా నడిచింది.

అప్పటి నుంచి మా ఇంట్లో, చుట్టాల ఇళ్లలో, తెలిసిన దుకాణాల్లో ఈ పని నేనే చేస్తూ వస్తున్నాను. చేసిన కొద్దీ నాకు గట్టిగా తెలిసివచ్చిన విషయం ఒకటుంది. దుమ్ము కంప్యూటర్‌కు నెలల తరబడి మెల్లగా హాని చేస్తుంది, దాన్ని తీసే మనిషి తొందరపడితే మాత్రం ఒక్క నిమిషంలోనే అంతకు మించిన హాని జరుగుతుంది. అందువల్ల ఎలా ఊదాలి, ఎలా తుడవాలి అన్న సంగతుల కన్నా కరెంటు పూర్తిగా ఎలా తీయాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్న సంగతులకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

దుమ్ము ఏం చేస్తుంది

ప్రాసెసర్ పని చేస్తున్నంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది. ఆ వేడి, ప్రాసెసర్‌కూ హీట్ సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ గుండా హీట్ సింక్‌లోకి, అక్కడి పలుచని రేకుల నుంచి ఫ్యాను తోసే గాలిలోకి పోవాలి. రేకుల మధ్య సందు చాలా సన్నగా ఉంటుంది కాబట్టి పీచు, దుమ్ము కలిసి అక్కడ గట్టిపడితే ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా గాలి అవతలికి పోదు. వేడి మితిమీరినప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి మొదట వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి దిగకపోతే యంత్రం ఆగిపోతుంది. ఇప్పటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి వేగం తగ్గించుకునే హద్దు 90 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మే నెలలో వరంగల్‌లో బయట 44 డిగ్రీలు కాసే రోజుల్లో, ఏసీ లేని గదిలో గాలి వేడి 38, 40 దగ్గర ఉన్నప్పుడు, హీట్ సింక్ మీదికి వెళ్లే గాలే ఆ వేడితో వెళ్తుంది. ఫ్యాను గాలిని కదిలిస్తుందే కాని చల్లబరచదు. చలికాలమంతా దుమ్ముతోనే సర్దుకుపోయిన కంప్యూటర్ రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మొరాయించడానికి కారణం ఇదే.

దుమ్ములన్నీ ఒక్క తీరుగా ఉండవు. మీ ఇంట్లోకి, దుకాణంలోకి వచ్చేది ఏ దుమ్మో తెలిస్తే దాన్ని ఎలా తీయాలో కూడా తెలుస్తుంది. ఎనుమాముల చుట్టుపక్కల, జిన్నింగ్ మిల్లుల దగ్గర, కొత్తవాడలో దరీలు నేసే ఇళ్లలో, సిరిసిల్ల మరమగ్గాల షెడ్ల పక్కన ఉండేది పీచు. అది పోగుపడి చాపలాగా అల్లుకుంటుంది. దాన్ని గట్టిగా ఊదితే రేకుల లోపలికి ఇంకా కూరుకుపోతుంది కాబట్టి మొదట చిమ్టాతో లాగి తీయాలి, ఆ తరువాతే ఊదాలి. కరీంనగర్ వైపు గ్రానైట్ కోసే చోట్ల వచ్చేది గట్టి రాతి పొడి. దాన్ని గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి కాబట్టి మెత్తని బ్రష్‌తో లేపి ఊదడమే మంచిది. గోదావరిఖని, రామగుండం, భూపాలపల్లి ప్రాంతాల్లో బొగ్గు పొడి, బూడిద చాలా మెత్తగా ఉండి ప్రతి సందులోకీ చేరతాయి, తీసేటప్పుడు ముక్కులోకి కూడా అంతే సులువుగా పోతాయి. మార్కెట్‌లో మిర్చి ఎక్కువగా వచ్చే నెలల్లో అక్కడి కంప్యూటర్లను దులిపే వాళ్లు ముక్కుకు, కళ్లకు రెండింటికీ రక్షణ లేకుండా పని మొదలుపెట్టకూడదు. ఇక ఇంట్లో పూజ గది పక్కనో వంటగది గోడకు ఆనుకునో ఉన్న కంప్యూటర్‌లో అగర్‌బత్తి, సాంబ్రాణి పొగ, పోపు నూనె ఆవిరి కలిసి జిడ్డు పొరలాగా పట్టేస్తాయి. ఆ జిడ్డు ఊదితే పోదు, బ్రష్‌తోనూ పోదు, దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి.

కరెంటు పూర్తిగా తీయడం

షట్‌డౌన్ చేసినంత మాత్రాన కరెంటు తీసినట్టు కాదు. ప్లగ్ పెట్టి స్విచ్ వేసి ఉన్నంతవరకు ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బా) నుంచి మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది. కంప్యూటర్ ఆపిన తరువాత కూడా కొన్ని బోర్డుల మీద చిన్న లైటు వెలుగుతూ ఉండేది అందుకే. ఆ స్థితిలో ఒక స్క్రూ జారి బోర్డు మీద పడినా, ర్యామ్ అనే మెమరీ ముక్కను ఊడదీసినా నష్టం జరగవచ్చు.

మన ఇళ్లలో, దుకాణాల్లో దీనికి తోడు యూపీఎస్ ఉంటుంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. గోడ మీది స్విచ్ ఆపగానే యూపీఎస్ కరెంటు పోయిందని భావించి తన బ్యాటరీ నుంచి కంప్యూటర్‌కు 230 వోల్టుల వరకు ఇస్తూనే ఉంటుంది. ఇంటికంతటికీ ఇన్వర్టర్ ఉన్న చోట మెయిన్ ఆపినా ఇదే జరుగుతుంది. కాబట్టి స్విచ్‌ను నమ్ముకోకుండా తీగనే బయటికి తీయాలి. మొదట కంప్యూటర్‌ను మామూలుగా షట్‌డౌన్ చేయాలి, తరువాత యూపీఎస్‌ను దాని బటన్ నొక్కి ఆపాలి, ఆపైన క్యాబినెట్ వెనుక ఎస్‌ఎంపీఎస్‌కు గుచ్చి ఉన్న లావు కేబుల్‌ను చేతితో పట్టుకుని లాగి పూర్తిగా ఊడదీయాలి. మానిటర్, ప్రింటర్, స్పీకర్లు, ఇంటర్నెట్ తీగ, ఏదీ మిగలకుండా అన్నింటినీ తీసేయాలి, ఎందుకంటే వేరే ప్లగ్ నుంచి నడిచే మానిటర్ తీగ ద్వారా కూడా క్యాబినెట్‌కు కరెంటు సంబంధం మిగిలి ఉంటుంది. తీగలు తీసే ముందు వెనుక వైపు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే తిరిగి పెట్టేటప్పుడు వెతుక్కోనక్కరలేదు.

తీగలన్నీ తీశాక క్యాబినెట్ ముందున్న పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. లోపల మిగిలిన కాస్త కరెంటు దీనితో దిగిపోతుంది, ఒక్కోసారి ఫ్యాను ఒక్క క్షణం కదిలి ఆగిపోవడం కూడా కనిపిస్తుంది. ఆ తరువాత ఒక అయిదు పది నిమిషాలు యంత్రాన్ని అలాగే వదిలేయండి. అప్పటిదాకా పని చేసి ఉంటే హీట్ సింక్ వేడి కూడా ఈలోగా తగ్గుతుంది.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. దాని లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, ప్లగ్ తీసిన తరువాత కూడా అది కొంతసేపు ఉండవచ్చు. పవర్ బటన్ నొక్కితే అదంతా తప్పకుండా పోతుందని అనుకోవడానికి వీల్లేదు. యూపీఎస్ విషయంలోనూ ఇదే మాట. వాటి లోపల దుమ్ము, బల్లి, బొద్దింక ఏది చేరినా ఆ పని తెలిసిన వాళ్లకే అప్పగించాలి.

మన ఒంట్లోని కరెంటు

చలికాలంలో టెర్లిన్ చొక్కానో ఉన్ని స్వెట్టరో విప్పుతుంటే చిటపటలాడుతుంది, కొన్నిసార్లు ఇనుప తలుపు గొళ్లెం ముట్టుకోగానే చురుక్కుమంటుంది. అలా చురుక్కుమన్నది మనకు తెలియాలంటే సుమారు 3000 వోల్టులు ఉండాలి. కంప్యూటర్ చిప్‌లు మాత్రం అందులో పదో వంతుకు, కొన్ని అంతకన్నా తక్కువకే పాడవుతాయి. అంటే మనకు ఏమీ తెలియకుండానే మన వేలి నుంచి ఒక భాగం చెడిపోవచ్చు, పైగా అది వెంటనే పోకుండా కొన్ని వారాల తరువాత మొరాయించవచ్చు. గాలిలో తేమ తక్కువగా ఉండే డిసెంబరు, జనవరి నెలల్లో, మళ్లీ వడగాలి వీచే ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రమాదం ఎక్కువ.

దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కరలేదు. నూలు బట్టలు వేసుకోండి, తివాచీ మీదా దుప్పటి మీదా కాకుండా బండల మీదో చెక్క బల్ల మీదో పని చేయండి, లోపల ఏ భాగాన్ని ముట్టుకునే ముందైనా క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప చోటును ఒకసారి చేతితో పట్టుకోండి. అలా పట్టుకున్నప్పుడు మీ ఒంట్లోని చార్జి, యంత్రానికున్న చార్జి సమానమవుతాయి, అప్పుడు చిప్ గుండా దూకడానికి ఏమీ మిగలదు. మధ్యలో లేచి మంచినీళ్లు తాగి వచ్చి కూర్చున్నా మళ్లీ పట్టుకోవాలి. మణికట్టుకు కట్టుకునే యాంటీస్టాటిక్ పట్టీ ఉంటే ఇంకా మంచిదే, దాని క్లిప్పును క్యాబినెట్ ఇనుముకు తగిలించాలి. బోర్డునైనా, ర్యామ్‌నైనా ఎప్పుడూ అంచుల దగ్గర పట్టుకోవాలి, బంగారు రంగు కొసలను వేళ్లతో ముట్టుకోకూడదు.

ఏం వాడాలి, ఏం వాడకూడదు

ఒక ప్లస్ స్క్రూడ్రైవర్, రంగులు వేసే మెత్తని బ్రష్ ఒకటి కొత్తది, చిన్న చిమ్టా, మైక్రోఫైబర్ గుడ్డ, చెవి పుల్లలు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, గాలి ఊదడానికి ఏదో ఒక సాధనం, ముక్కుకు మాస్కు లేదా రెండు మడతల దస్తీ ఉంటే సరిపోతుంది. బ్రష్ వెంట్రుకలను కట్టి ఉంచే ఇనుప పట్టీ బోర్డుకు తగలకుండా దాని మీద టేపు చుట్టుకోండి. చేతి శానిటైజర్‌లో గ్లిజరిన్ వంటివి కలుస్తాయి కాబట్టి అది ఆల్కహాల్‌కు బదులు కాదు. గాయాలకు వాడే స్పిరిట్‌లోనూ వేరే పదార్థాలు కలిసి ఉండవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు మంట ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దీపం, అగర్‌బత్తి, గ్యాస్ పొయ్యి దగ్గర లేని చోట, గాలి ఆడే చోట వాడాలి.

గాలి విషయంలో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టాలు ఇక్కడే జరుగుతాయి. కెమెరా లెన్సులు ఊదే రబ్బరు బంతి అన్నింటికన్నా నిరపాయమైనది, మామూలు ఇంటి దుమ్ముకు అది చాలు. డబ్బాలో వచ్చే గాలిని వాడితే డబ్బాను నిటారుగానే పట్టుకోవాలి. వంచినా తలకిందులు చేసినా లోపలి ద్రవం బయటికి చిమ్మి భాగాలను ఒక్కసారిగా గడ్డకట్టేంత చల్లబరుస్తుంది, వాటిలో కొన్నింటి గాలికి మంట కూడా అంటుకుంటుంది. కరెంటుతో నడిచే చేతి బ్లోయర్ మన దగ్గర రిపేరు దుకాణాలన్నింటిలో కనిపిస్తుంది. అది పనికి వస్తుంది కాని దాని గాలి చాలా జోరుగా ఉంటుంది కాబట్టి కనీసం ఒక అడుగు దూరం నుంచి, కొద్దిసేపు చొప్పున ఆగి ఆగి ఊదాలి.

బ్లోయర్‌తో నేను ఒకసారి చేసిన పొరపాటు చెబుతాను. హీట్ సింక్ మీద గాలి కొడుతుంటే ఫ్యాను ఈల వేసినట్టు గిర్రున తిరిగింది, అలా తిరగడం వల్ల దుమ్ము బాగా వదులుతోందని అనుకున్నాను. తిరిగి బిగించి కంప్యూటర్ వేస్తే అదే ఫ్యాను గరగరమని మోగడం మొదలుపెట్టింది, నెల తిరిగేలోగా మార్చవలసి వచ్చింది. తాను తిరగవలసిన వేగం కన్నా ఎంతో ఎక్కువ వేగంతో తిప్పితే బేరింగ్ దెబ్బతింటుంది, దానికి తోడు తిరిగే మోటారు జనరేటర్‌లాగా కరెంటు పుట్టించి బోర్డులోకి పంపే అవకాశం ఉంది. అందుకని గాలి ఊదే ముందు ప్రతి ఫ్యాను రెక్కను ఒక వేలితోనో ఐస్‌క్రీమ్ పుల్లతోనో కదలకుండా పట్టుకోవడం తప్పనిసరి.

పంక్చర్ దుకాణంలోని కంప్రెసర్ గాలి మాత్రం వద్దు. క్యాబినెట్‌ను బండి మీద పెట్టుకుని అక్కడికి తీసుకుపోయే వాళ్లను నేను చూశాను. ఆ ట్యాంకులో అడుగున నీరు చేరుతుంది, కంప్రెసర్ నూనె కూడా కొంత గాలిలో కలుస్తుంది, వానాకాలంలో ఆ నీరు మరీ ఎక్కువ. అంత ఒత్తిడితో వచ్చే తడి గాలి చిన్న చిన్న భాగాలను ఊడగొట్టగలదు, ఊడకపోయినా తేమను చిప్‌ల అడుగుకు నెడుతుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్‌ను కూడా బోర్డు దగ్గరికి తేవద్దు. దాని ప్లాస్టిక్ గొట్టం మూతి దగ్గర గాలి, దుమ్ము రాసుకుని స్టాటిక్ చార్జి చేరుతుంది. ఊదినప్పుడు లేచిన దుమ్మును పీల్చడానికి రెండడుగుల దూరంలో పట్టుకుంటే ఇబ్బంది లేదు.

దులపడం

యంత్రాన్ని వరండాలోకో డాబా మీదికో తీసుకుపోండి. లోపలి గదిలో చేస్తే లేచిన దుమ్మంతా తిరిగి అదే గదిలో దిగుతుంది. మబ్బు పట్టిన రోజు, జల్లు పడే రోజు వద్దు. గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా కూర్చోండి.

పక్క రేకు తీయగానే చేయి పెట్టకుండా, లోపలి తీగలు ఎక్కడెక్కడ గుచ్చి ఉన్నాయో రెండు మూడు ఫొటోలు తీయండి. మొదట పైనుంచి కిందికి మెత్తని బ్రష్‌తో దుమ్మును లేపుతూ రావాలి, కింద నుంచి మొదలుపెడితే పైనుంచి రాలేది మళ్లీ కిందే పడుతుంది. బ్రష్‌ను నొక్కి రుద్దనక్కరలేదు, ఆకు మీది దుమ్మును తుడిచినంత తేలికగా ఆనించాలి. ముందు, వెనుక ఉండే క్యాబినెట్ ఫ్యాన్ల రెక్కల అంచున దుమ్ము గట్టిగా పేరుకుని ఉంటుంది. ఫ్యానును పట్టుకుని ఒక్కొక్క రెక్కను ఆల్కహాల్ అద్దిన చెవి పుల్లతో తుడిస్తే అది వదులుతుంది. ముందు భాగంలో జాలీ ఉంటే దాన్ని ఊడదీసి నీళ్లతో కడగవచ్చు, కాని పూర్తిగా ఆరకుండా తిరిగి పెట్టకూడదు. ఎండలో కాకుండా నీడలో ఆరబెడితే ప్లాస్టిక్ చట్రం వంకరపోదు.

అసలు పని హీట్ సింక్ దగ్గర ఉంది. పైనుంచి ఫ్యాను రెక్కల సందుల్లో నుంచి ఊదితే పీచు బయటికి రాకుండా రేకుల్లోనే బిగుసుకుంటుంది, కాబట్టి వీలున్న చోట ఫ్యానును హీట్ సింక్ నుంచి విడదీయడమే సరైన పద్ధతి. చాలావాటిలో ఫ్యాను నాలుగు స్క్రూలతోనో, పక్కల ఉండే తీగ క్లిప్పులతోనో పట్టి ఉంటుంది. వాటిని తీసి, ఫ్యాను తీగ మదర్‌బోర్డుకు ఎక్కడ గుచ్చి ఉందో చూసుకుని ఊడదీసి, ఫ్యానును పక్కన పెట్టాలి. ఇప్పుడు కనిపించే పీచు పొరను చిమ్టాతో మూల నుంచి పట్టుకుని మెల్లగా లాగండి. రేకులు పలుచని అల్యూమినియంవి, చిమ్టా కొన తగిలితే వంగుతాయి, కాబట్టి కొనను రేకుల్లోకి గుచ్చకుండా పొర మీదనే నడిపించాలి. పీచు పోయిన తరువాత రేకులు ఎటు వైపు తెరుచుకుని ఉన్నాయో చూసి ఆ దారి వెంట ఊదితే మిగిలిన పొడి బయటికి వస్తుంది. టార్చి లైటు ఒక పక్క పెట్టి రెండో పక్క నుంచి చూస్తే సందులన్నీ తెరుచుకున్నాయో లేదో తెలుస్తుంది.

ఇక్కడితో ఆపవచ్చు. హీట్ సింక్‌ను ప్రాసెసర్ నుంచి పైకెత్తవలసిన అవసరం ప్రతిసారీ రాదు, ఎత్తితే మాత్రం పాత థర్మల్ పేస్ట్ పూర్తిగా తుడిచి కొత్తది వేయకుండా తిరిగి పెట్టకూడదు. దుమ్ము తీశాక కూడా వేడి తగ్గకపోతే, యంత్రం పాతదై పేస్ట్ ఎండిపోయిందని అనుమానం ఉంటేనే అందుకు పూనుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చే మామూలు ఫ్యాన్లకు నాలుగు మూలలా నల్లని ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. వాటి తల మీది బాణం గుర్తు చూపే వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే విడుదలవుతాయి, తిరిగి పెట్టే ముందు ఆ తలలను మొదటి స్థానానికి తిప్పాలి. ఏఎమ్‌డీ ప్రాసెసర్లకు వాడే ఏఎమ్4 రకం బోర్డుల్లో పేస్ట్ ఎండి అతుక్కుని, హీట్ సింక్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వచ్చి దాని కాళ్లు వంగిపోయే ప్రమాదం ఉంది. అందుకని విప్పడానికి ముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి పేస్ట్ మెత్తబడనిచ్చి, ఆ తరువాత పైన చెప్పినట్టే కరెంటు పూర్తిగా తీసి, హీట్ సింక్‌ను నిలువుగా లాగకుండా కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పుతూ విడదీయాలి. కొత్త పేస్ట్ కందిగింజంత చాలు, ఎక్కువ వేస్తే వేడి బాగా పోదు సరికదా అంచుల నుంచి కారుతుంది.

ఎస్‌ఎంపీఎస్‌ను బయటి జాలీ నుంచి రెండు మూడు సార్లు, దూరం నుంచి, మెత్తగా ఊదడంతో సరిపెట్టండి. జాలీలోకి పుల్ల, స్క్రూడ్రైవర్, బ్రష్ ఏదీ దూర్చవద్దు. ర్యామ్ ముక్కలను కదిలించే పనిలేకపోతే కదిలించవద్దు. తీయవలసి వస్తే పక్కల ఉండే గొళ్లాలను వెడల్పు చేసి నిటారుగా పైకి తీసి, కొసలను ఆల్కహాల్ అద్దిన గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. అది పలుచని బంగారు పూతను కొద్ది కొద్దిగా అరగదీస్తుంది, రబ్బరు పొడి స్లాటులో పడుతుంది, అందుకని నేను దాన్ని మానేశాను. హార్డ్ డిస్కును పైపైన తుడవండి, దాని మూత మీది చిన్న రంధ్రంలోకి గాలి కొట్టవద్దు.

ల్యాప్‌టాప్

ల్యాప్‌టాప్ వారంటీలో ఉంటే విప్పే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒక మాట అడగండి. విప్పదలుచుకుంటే, దాని అడుగు స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు కాబట్టి ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ మూలలో తీసిన స్క్రూను ఆ మూలలోనే గుచ్చి పెట్టుకోండి. పొడుగు స్క్రూను పొట్టి దాని చోట బిగిస్తే అది బోర్డులోకో కీబోర్డులోకో పొడుచుకుపోతుంది. మూతను పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా లేపి, లోపల అన్నింటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఛార్జర్ తీసినా బ్యాటరీ తగిలి ఉన్నంతవరకు బోర్డులో కరెంటు ఉంటుంది. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఇక దేన్నీ ముట్టుకోకుండా, దాన్ని నొక్కకుండా, ఆన్ చేయకుండా, ఛార్జింగ్ పెట్టకుండా సర్వీస్‌కు ఇవ్వండి. ఫ్యాను, దాని పక్కనే గాలి బయటికి పోయే సన్నని రేకులు, ఈ రెండింటి మధ్యే పీచు గోడలాగా నిలుస్తుంది. డెస్క్‌టాప్‌కు చెప్పిన పద్ధతే ఇక్కడా, కాని ఇంకా తేలిక చేయితో చేయాలి.

తెరకూ కీబోర్డుకూ ఎక్కువ చెప్పవలసింది లేదు. తెరను ఆపి, చల్లబడిన తరువాత, మైక్రోఫైబర్ గుడ్డను నీళ్లతో కొద్దిగా తడిపి బాగా పిండి తుడవాలి. నీళ్లను గాని, అద్దాలు తుడిచే మందును గాని నేరుగా తెర మీద చల్లకూడదు. కీబోర్డును తలకిందులు చేసి తట్టి, బ్రష్‌తో దులిపితే సరిపోతుంది.

తిరిగి పెట్టి చూడటం

ఆల్కహాల్ తగిలిన చోట్లు ఆరడానికి కనీసం అరగంట ఇవ్వండి. లోపల స్క్రూ ఏదైనా జారిపడి ఉందా అని టార్చి వేసి చూడండి, తీసిన స్క్రూలను లెక్కపెట్టండి, ఏ తీగా ఫ్యాను రెక్కలకు అడ్డం రాకుండా పక్కకు సర్దండి. ప్రాసెసర్ ఫ్యాను తీగను మళ్లీ గుచ్చారో లేదో రెండోసారి చూసుకోవాలి, ఎందుకంటే అందరూ మరిచేది అదే. పక్క రేకు పెట్టకుండానే తీగలు కలిపి ఆన్ చేసి, చేయి లోపల పెట్టకుండా దూరం నుంచి ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయో లేదో గమనించండి. తెర మీద ఏమీ రాకుండా బీప్ శబ్దం వస్తే భయపడనక్కరలేదు, చాలాసార్లు ర్యామ్ సరిగా కూర్చోకపోవడమే కారణం. మళ్లీ కరెంటు పూర్తిగా తీసి, ర్యామ్‌ను రెండు వైపులా టక్కుమనే వరకు నొక్కి చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రంలో మానిటర్ తీగను పొరపాటున మదర్‌బోర్డుకు గుచ్చినా తెర నల్లగానే ఉండవచ్చు.

ఇక తిరిగి ఇంత దుమ్ము పట్టకుండా చూసుకోవాలంటే, మొదట క్యాబినెట్‌ను నేల మీది నుంచి లేపాలి. చీపురుతో ఊడ్చినప్పుడు లేచే దుమ్ము చాలావరకు మోకాలి ఎత్తులోపే తిరుగుతుంది, ఒక చెక్క పీట మీద పెట్టినా ఎంతో తేడా ఉంటుంది. కంప్యూటర్ మీద కప్పే గుడ్డను యంత్రం ఆపిన తరువాతే కప్పాలి, నడుస్తుండగా కప్పితే దుమ్ము ఆగినా వేడి లోపలే ఉండిపోతుంది. ఎండాకాలంలో నీళ్ల కూలర్‌ను కంప్యూటర్‌కు ఎదురుగా పెట్టవద్దు, ఆ తేమ గాలికి లోపలి దుమ్ము తడిసి మట్టిలాగా గట్టిపడుతుంది. దసరాకు ఆయుధ పూజ చేసేటప్పుడు పసుపు, కుంకుమ, గంధం బొట్లను క్యాబినెట్ పక్క రేకు మీద పెట్టండి, గాలి పోయే జాలీ మీద పెట్టవద్దు. కొబ్బరికాయను కొంచెం దూరంగా కొట్టండి, నీళ్లు జాలీలో పడితే అవి ఆరినా లోపల జిడ్డు మిగులుతుంది.

మామూలు ఇంటికి ఏడాదికి రెండుసార్లు దులపడం సరిపోతుంది, వానలు వెనకబట్టాక దసరా ముందు ఒకసారి, ఎండలు ముదరక ముందు ఉగాది నాటికి ఒకసారి. పత్తి, రాతి పొడి, బొగ్గు దగ్గర ఉన్నవాళ్లు తేదీని కాక వేడిని చూసి నిర్ణయించుకోవాలి. ఉష్ణోగ్రత చూపే ఉచిత ప్రోగ్రాములు చాలా ఉన్నాయి, దులపడానికి ముందు ఒకసారి, దులిపాక ఒకసారి, కంప్యూటర్ అరగంట ఒకే తీరు పని చేశాక ఆ అంకె చూడండి. దాన్ని తేదీతో పాటు ఒక చీటీ మీద రాసి పక్క రేకు లోపలి వైపు టేపుతో అతికించండి. అడ్తి దుకాణం కంప్యూటర్‌కు నేను అలాగే అతికించాను. దసరాకు దులిపిన యంత్రం డిసెంబరు మధ్యకే మళ్లీ పాత అంకె దగ్గరికి చేరుతోందని ఆ చీటీ చూసే తెలిసింది, అందుకని అక్కడ పత్తి వచ్చే నెలల్లో నెలకొకసారి ఫ్యాను విప్పి పీచు తీస్తున్నాం.